నలభై నిమిషాల సెలైన్, సాయంత్రపు సీసా

నాకు నోరెక్కువ. సిగ్గుపడుతూ చెప్తున్న మాట కాదిది. పద్దెనిమిదేళ్ళుగా బస్సు కండక్టర్‌గా పనిచేస్తున్నాను, అందులో పన్నెండేళ్ళు కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్యనే తిరిగాను. నోరు లేని మనిషి ఆ రూట్లో తాడ్వాయి దాటేలోపే ఏడుపు మొదలుపెడుతుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో యాభై సీట్ల బండిలో నూటపది మంది ఎక్కుతారు. ఆధార్ కార్డు ఇంట్లో మరిచిపోయి వచ్చి, ఆడవాళ్ళ జీరో టికెట్ కొట్టమని నన్నే దబాయిస్తారు. మేకపిల్లను కొంగులో దాచుకొని ఎక్కుతారు, అది కాస్తా సరిగ్గా నేను పక్కకు రాగానే అరుస్తుంది. వీళ్ళందరినీ నోటితోనే సర్దుకొచ్చాను. లింగంపేటలో రోజూ ఎక్కే ఒక ముసలాయన, నేను కాస్త మెత్తగా ఉన్న రోజున, "ఇయ్యాల తిట్లు తక్కువైనయి, పానం బాగలేదా బిడ్డా?" అని అడిగేవాడు.

అలాంటి నాకు నాలుగేళ్ళ కిందట నోరు పడిపోయింది. పక్షవాతం కాదు. మాట్లాడబుద్ధి కాలేదు, అంతే. ముందు కోపం పోయింది. టికెట్ తీసుకోకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే పెద్దమనుషులను చూసి కూడా చూడనట్టు దాటిపోయేదాన్ని. తర్వాత ఆకలి పోయింది. ఆ తర్వాత తల దువ్వుకోవడం కూడా కొండెక్కినంత పనైంది. కారణమేమిటని అడగనివాడు పాపాత్ముడు. కారణమేమీ లేదు. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తాడు, ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు, మంచివాడు. ఒక్కతే బిడ్డ, బీబీపేటలో ఇచ్చాం, అల్లుడు ఆమె మాట జవదాటడు. ఇంట్లో నేనూ మా అత్తమ్మా ఉంటాం, మా ఇద్దరికీ బాగా పడుతుంది. ఏ లోటూ లేనిదానికి ఇదేం రోగమని అందరూ అడుగుతుంటే, జవాబు చెప్పలేకపోవడం కూడా నా తప్పేమో అనిపించేది.

ఒక మధ్యాహ్నం, బండి లింగంపేట దాటాక, నేను లేకపోయినా ఈ బస్సు ఇలాగే పోతుంది కదా, లేకపోతేనే నయం కదా అనే ఆలోచన వచ్చింది. ఏడుపు రాలేదు. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళెవరో వచ్చే స్టాపు పేరు చెప్పినంత మామూలుగా వచ్చింది. ఆ మామూలుతనానికే భయపడ్డాను. ఎల్లారెడ్డి బస్టాండులో టికెట్ మిషన్ డ్రైవర్ చేతిలో పెట్టి, ఇంటికి నడిచి వెళ్ళి, బీడీలు చేస్తున్న అత్తమ్మ ముందు కూలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె ఒళ్ళోని చాట పక్కకు జరిపింది.

"నాకు చెప్పినవు, మంచి పని చేసినవు," అంది. "రేపు కామారెడ్డి పోదాం. ఎవలేమన్న అననీ, పిచ్చి డాక్టరు కాడికే పోదాం."

అప్పటికి ఆమెకు డెబ్బై దగ్గరపడ్డాయి. ఎనిమిదేళ్ళ వయసు నుంచి బీడీలు చుట్టి, ఆ వేళ్ళతోనే కొడుకును పెంచి పెద్ద చేసిన మనిషి. సంతకం చేయడం రాదు. అయినా దెయ్యం పట్టిందనలేదు, దిష్టి తగిలిందనలేదు, నలుగురికి తెలిస్తే ఏమనుకుంటారో అనలేదు. అంత తెగువ చదువుకున్నవాళ్ళలో ఎంతమందికి ఉంటుందో మీరే చెప్పండి.

కామారెడ్డిలోని డాక్టరు గారు కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మెత్తగా, అండీ అంటూ మాట్లాడతాడు. రెండేళ్ళలో మూడు రకాల మాత్రలు మార్చాడు. ప్రతిదాన్నీ కొంచెంతో మొదలుపెట్టి, పెంచి, వారాలకు వారాలు ఓపిగ్గా చూశాడు. మొదటి రకంతో నోరు ఎండిపోయింది. రెండో రకంతో ఒళ్ళొచ్చి, యూనిఫాం జాకెట్లు రెండు బిగుతై మూలకు పడ్డాయి. మూడో రకంతో అది కూడా జరగలేదు. డ్యూటీలో కొన్నాళ్ళు, సెలవులో కొన్నాళ్ళుగా గడిపాను. చివరికి ఆయన కుర్చీ ముందుకు జరుపుకొని, "కొందరిలో ఈ డిప్రెషన్ మాత్రలకు లొంగదమ్మా, అది మీ తప్పు కాదు," అన్నాడు. ఆపరేషన్లప్పుడు మత్తు కోసం ఇచ్చే కెటమిన్ అనే మందును చాలా తక్కువ మోతాదులో, సెలైన్‌లో కలిపి నలభై నిమిషాల పాటు ఎక్కిస్తామన్నాడు. వారానికి రెండుసార్లు చొప్పున ఆరుసార్లు. ముందు కడుపు ఖాళీగా ఉండాలి, తర్వాత రెండు గంటలు అక్కడే పడుకోవాలి, ఇంటికి తీసుకెళ్ళడానికి తోడు ఉండాలి. అందరికీ పనిచేస్తుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పాడు.

నేను అప్పుడే మనసులో ఒకటి అనేసుకున్నాను. ఇది ఆఖరుది. ఇది కూడా పనిచేయకపోతే ఇక ఏ డాక్టరు గడపా తొక్కను, జరిగేది జరగనీ. ఆ మాట పైకి అనలేదు కాని, అత్తమ్మ నా ముఖం చూసి పసిగట్టింది. ఆ రోజు నుంచి నన్ను ఒక్కదాన్నే ఇంట్లో వదిలి పక్కింటికి కూడా పోలేదు.

సంతకానికి ముందు ఒక ఫారం నింపారు. బీపీ ఉందా, షుగరు ఉందా, గుండె జబ్బు ఉందా? అన్నిటికీ లేదు. "మద్యం అలవాటు ఉందామ్మా?" అని అడిగాడు డాక్టరు. అంత నీరసంలోనూ నాకు పౌరుషం వచ్చింది.

"లేదు సార్. డ్యూటీ ఎక్కే ముందు డిపోల రోజూ మిషన్ల ఊదిపిస్తరు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న వాసన పట్టిందా అడుగుండ్రి."

"మా ఇంట్ల ఆ అలవాటు ఎవ్వలకు లేదు సారూ," అని అత్తమ్మ కూడా సాక్ష్యం చెప్పింది.

"నిద్రమాత్రలేమైనా వాడతారా?"

"నిద్ర మంచిగనే పడ్తది సార్."

ఆయన ఐదు గళ్ళలో ఐదు అడ్డగీతలు కొట్టాడు. మేము అబద్ధం చెప్పలేదు. దేవుడి మీద ఒట్టేసి చెప్పమన్నా అదే చెప్పేవాళ్ళం.

ఇక్కడ మా ఇంటి సాయంత్రం గురించి చెప్పాలి. ఆరయ్యేసరికి అత్తమ్మ బీడీల చాట గోడకు ఆనించి, నడుము విరుచుకొని లేస్తుంది. దుకాణం నుంచి రెండు సీసాల కల్లు వస్తుంది. వాకిట్లో నీళ్ళు చల్లి, ఒక గిన్నెలో ఉడకబెట్టిన శనగ గుడాలు పోసుకొని ఇద్దరం కూర్చుంటాం. చెరో సీసా, దానికి తోడు వీధిలో వాళ్ళ కబుర్లు. కోడలిగా వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో బిక్కుబిక్కుమంటున్న నాకు మొదటి సీసా ఆమే చేతికిచ్చి, "తాగు పిల్లా, ఒంట్లె వేడి తీస్తది," అంది. మా అత్తాకోడళ్ళ స్నేహం అక్కడ మొదలైంది. మా వైపు కల్లును తాగుడు కింద ఎవరూ కట్టరు. చుట్టాలొస్తే మర్యాదకు పోస్తాం, ఎల్లమ్మకు సాకగా నేల మీద పోస్తాం, బాలింతకు ఇంత పట్టిస్తాం. తాగుబోతు అంటే బ్రాందీ షాపు ముందు పడిపోయినవాడు. వాకిట్లో కూర్చొని గుడాలు నములుతున్న అత్తాకోడళ్ళు తాగుబోతులెలా అవుతారు?

పోనీ అందులో ఏదో కలుపుతారని మాకు తెలియదా అంటే, తెలుసు. ఊళ్ళో ఉన్న ఈత చెట్లెన్ని, దుకాణంలో చెల్లే సీసాలెన్ని అని బేరీజు వేసుకునే పాటి తెలివి నాకుంది. తెల్లటి పొడి ఏదో కలుపుతారని అందరూ అంటారు. కల్లు దుకాణాలు రెండు రోజులు మూతపడితే ఎంతమందికి చేతులు వణుకుతాయో, ఎంతమంది తిక్కతిక్కగా మాట్లాడతారో కళ్ళారా చూసినవాళ్ళమే. అయినా అది పక్క ఊరి దుకాణంలో అని మేము, మా ఊరి దుకాణంలో అని వాళ్ళు అనుకుంటూ కాలం గడిపేశాం. జబ్బు మొదలయ్యాక నా సీసా ఒకటి కాస్తా రెండైంది. అది తాగితేనే కళ్ళు మూతపడేవి. దానికే నేను 'నిద్ర మంచిగనే పడ్తది' అని పేరు పెట్టుకున్నాను.

మొదటిసారి సెలైన్ ఎక్కించినప్పుడు నేను ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నాను. చేతికి బీపీ పట్టీ, వేలికి క్లిప్పు. మధ్యలో కాస్త తిమ్మిరి పట్టినట్టనిపించింది, అంతే. పక్క మంచం మీద రాజంపేట రైతు ఒకాయనకు కూడా అదే వైద్యం. ఆయన లేచి కూర్చొని, "మంచం మీదికెళ్ళి లేసి మా పొలం దాక పోయొచ్చిన సారూ, వరి మీద తేలినట్టే ఉండె," అని సంబరంగా చెప్తున్నాడు. రెండోసారి వచ్చేసరికి ఆయన ముఖం తేటగా ఉంది. నాకు మాత్రం రెండోసారీ ఫ్యానే, మూడోసారీ ఫ్యానే. దానికి మూడు రెక్కలు, ఒకదాని చివర వంకర. అత్తమ్మ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చొని, సెలైన్ సీసాలో చుక్కలను బీడీలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టేది. నేను కళ్ళు తెరవగానే, "ఏమన్న తేడా తెలుస్తున్నదా?" అని అడిగేది. "లేదు" అనలేక తల అటు తిప్పుకొనేదాన్ని.

నాలుగోసారి డాక్టరు గారు, "ఇవాళ్టికీ మార్పు లేకపోతే వేరే దారి ఆలోచిద్దాం," అన్నాడు. నాకది వీడ్కోలులా వినిపించింది.

సూది గుచ్చడానికి వచ్చిన నర్సమ్మది మాచారెడ్డి. మణికట్టు మీద నరం కోసం తడుముతూ మామూలుగా అడిగింది.

"రాత్రి నిద్ర పట్టిందా అక్కా?"

"పట్టింది చెల్లే. రెండు సీసాలు తాగి పన్న, పొద్దుగాల్నే తెలివైంది."

ఆమె చేయి ఆగిపోయింది. "ఏం సీసాలు?"

"కల్లు."

"రోజూనా?"

"రోజూ. ఎందుకు?"

ఆమె సూదిని ట్రేలో పెట్టేసింది. నా వైపు ఒకసారి, గుమ్మం దగ్గరున్న అత్తమ్మ వైపు ఒకసారి చూసి, "సారూ!" అని అరుస్తూ పరుగెత్తింది. ఆస్పత్రిలో నర్సు పరుగెత్తితే ఎవరో పోయారనుకుంటాం. నేను నా గురించే పరుగెత్తిందని కూడా తెలియక, పాపం ఎవరికేమైందో అనుకుంటూ పడుకున్నాను.

డాక్టరు వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. మంచం అంచున కూర్చొని తన ఫారంలో ఒక గడి మీద వేలు పెట్టాడు.

"మద్యం ఉందా అని అడిగితే లేదన్నారు కదమ్మా."

"కల్లు మద్యమెట్లయితది సార్?" అని నిజంగానే అడిగాను.

ఆ రోజు సెలైన్ పెట్టలేదు, మూత్రం పరీక్షకు పంపారు. అందులో నిద్రమాత్రల జాతి మందు దండిగా ఉందని తేలింది. డాక్టరు అంతా విడమర్చి చెప్పాడు. ఆ పొడి మెదడును జోకొట్టి ఉంచుతుంది, కెటమిన్ చేయాల్సిన పనికి అది కొందరిలో అడ్డుపడుతుంది. మీ విషయంలో అదే కారణమని ఖాయంగా చెప్పలేను గాని, అది ఉండగా వైద్యం పనిచేయలేదని తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం అన్నాడు. అలాగని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది. ముందు నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండాలి. తర్వాత ఆ జాతి మందునే కొలిచి మాత్రగా ఇచ్చి, వారానికింత చొప్పున తగ్గించుకుంటూ రావాలి. రెండు నెలలు పట్టొచ్చు.

ఉన్న ఒక్క ఆశకూ రెండు నెలలు వాయిదా. పైగా నాకు మిగిలింది సాయంత్రం ఆరు గంటల వేళ ఒక్కటే, అది కూడా పోతుందంటున్నారు. పక్కన అత్తమ్మ ముఖం తెల్లబోయి ఉంది.

"నేనే కదా బిడ్డా తాగిపిచ్చింది," అంది. "నా చేతులతోనే ఇచ్చిన."

ఆమెను ఓదార్చే శక్తి నాకు లేదు. ఆ రోజు ఓదార్చకపోయినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను. అయితే మా అత్తమ్మ ఓదార్పు కోసం కాచుకొని కూర్చునే రకం కాదు. కొంగు దులుపుకొని లేచి డాక్టరు ఎదుటికి వెళ్ళి నిలబడింది.

"నాకు గూడ రాయి సారూ ఆ గోలీలు. ఇంట్ల నేను తాగుకుంట, దాన్ని తాగకు అంటే అయితదా? ఇద్దరం ఒక్కపారే ఇడిసిపెడ్తం."

ఆ రెండు నెలలు ఎలా గడిచాయో గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. చెమటలు పట్టేవి, చీమలు పాకినట్టుండేది, నిద్ర లేక కళ్ళు మండేవి. ఆరు గంటలయ్యేసరికి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోవడానికే జంకేవాళ్ళం. నా చేతులు ఊరికే ఉంటే వణుకుతున్నాయని ఆమె తునికాకు కత్తిరించి ఇచ్చి నన్ను బీడీలు చుట్టమంది. ఒక్కటీ తిన్నగా రాలేదు, ఒకటి లావు, ఒకటి బక్క. "గిసొంటియి కార్ఖానల ఇస్తే నన్ను తరిమికొడ్తరు," అని ఆమె గొణుక్కుంటూ విప్పి మళ్ళీ చుట్టేది. ఆమె చేతులు కూడా వణుకుతూనే ఉన్నాయి. అయినా ఆమె బీడీ మాత్రం తిన్నగానే వచ్చేది. ఒకసారి నేను, ఇంక నా వల్ల కాదు, ఒక్క సీసా తెప్పించమని బతిమాలాను. ఆమె లేచి వాకిలి తలుపు గొళ్ళెం పెట్టి, దానికి ఆనుకొని కూర్చుంది. తాళం వేయలేదు, తిట్టలేదు, కూర్చుంది అంతే. డాక్టరు గారు ప్రతి వారం రమ్మన్నాడు, మాత్ర సగమైంది, పావైంది, చివరికి పోయింది. అత్తమ్మకు నా కన్నా పదిరోజుల ముందే పోయింది. ఆ సంగతి ఇప్పటికీ వీధిలో చెప్పుకుంటుంది.

మళ్ళీ సెలైన్ మొదలుపెట్టిన రోజున అదే మంచం, అదే నర్సమ్మ. పది నిమిషాలకు ఫ్యాను దూరం జరిగింది. చేతులు నావి కాకుండా పోయాయి. భయమేసింది గాని నర్సమ్మ, "నేనీడనే ఉన్న అక్కా," అంటూనే ఉంది. ఎక్కడో లింగంపేట దాటాక ఉండే మలుపులో నిలబడి నేను బస్సును చూస్తున్నాను. కిటికీలోంచి లోపల నేనే కనబడుతున్నాను, టికెట్ మిషన్ పట్టుకొని, తల దువ్వుకోకుండా, అలసిపోయి. ఆమెను చూసి నాకు జాలేసింది. ఇన్నేళ్ళలో నా మీద నాకు విసుగే తప్ప జాలి కలగడం అదే మొదలు. లేచాక వాంతి వచ్చినట్టయింది, తల తిరిగింది. మర్నాడు పొద్దున్నే నేనే అడిగి అన్నం తిన్నాను. అత్తమ్మ చూసీ చూడనట్టు ఇంకో గరిటె వేసింది.

ఇదేదో మంత్రం వేసినట్టు మాయమైపోయిందని చెప్పను. ఇప్పటికీ డిప్రెషన్ మాత్ర వేసుకుంటాను, కొన్ని వారాలకోసారి వెళ్ళి ఆ నలభై నిమిషాలు పడుకొని వస్తాను. కొన్ని రోజులు బరువుగానే ఉంటాయి. అయినా నా రూటు నాకు తిరిగి వచ్చింది. ఆ ఆస్పత్రి ఫారంలో ఇప్పుడు 'మద్యం' కింద 'కల్లు' అని వేరే గడి ఉంది. పెట్టించింది నేనేనని నర్సమ్మ కొత్తవాళ్ళకు చూపిస్తుంటుంది. మనిషిని అడగాల్సిన తీరులో అడగకపోతే ఏ పరీక్ష చేసి ఏం లాభం అని నేనూ డాక్టరు గారి ముఖం మీదే అన్నాను. ఆయన తలూపాడు. నేను అడ్డగీత కొట్టించిన మాట మాత్రం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అయితే ఈ వైద్యం పనిచేసిందని నాకు తెలిసింది ఆస్పత్రిలో కాదు.

మళ్ళీ మొదలుపెట్టాక మూడో సెలైన్ అయిన రోజది. మధ్యాహ్నం మూడింటి బస్సులో ఎల్లారెడ్డికి తిరిగి వస్తున్నాం. అత్తమ్మ కిటికీ వైపు, నేను ఇవతలి వైపు. లింగంపేటలో నెత్తిన మూటతో ఒక ముసలమ్మ దిగుతోంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ఇంకా గాల్లో ఉంది. కండక్టరు ముందు సీట్లో కూర్చొని ఫోన్ చూసుకుంటూ, తల ఎత్తకుండానే "రైట్" అన్నాడు. బండి కదిలింది.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు.

"ఓ అన్నా! ఆపుమను బండి! అవ్వ కాలు ఇంక కింద పెట్టనే లేదు, రైట్ అంటున్నవా? కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా? ఫోన్ల గంత ఏం కొంపలు మునుగుతున్నయే? మూట నీ అయ్య దించుతడా? లే, లేసి దించు!"

బస్సు ఆగింది. కండక్టరు గభాలున లేచి వెనక్కి వచ్చి, ముసలమ్మ మూట దించి, నన్ను చూసి నోరు తెరిచాడు. మా డిపో మనిషే. "అక్కా, నువ్వా!" అని నవ్వేశాడు. వెనక సీట్లోంచి ఎవరో, "వచ్చిందిరో ఎల్లారెడ్డి మైకు!" అన్నారు.

నేను రొప్పుతూ కూర్చున్నాను. ముఖం వేడెక్కింది, చేతులు వణుకుతున్నాయి, అయితే ఇది ఆ వణుకు కాదు. పక్కకు చూస్తే అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకొని భుజాలదిరేలా ఏడుస్తోంది.

"ఏమైంది అత్తా?"

ఆమె కొంగు తీసింది. కళ్ళు తుడుచుకోలేదు.

"ఏం కాలే బిడ్డా," అంది. "ఇంకోపారి తిట్టు."

తిట్టాను.